ఎక్కించిన నాలుగేళ్ళు

జోగులమ్మ వయసు యాభై నాలుగు. ఆధార్ కార్డులో యాభై ఎనిమిది. ఆ నాలుగేళ్ళూ ఆమె బతకలేదు, కార్డు ఒక్కటే బతికింది.

వనపర్తి దగ్గర పల్లీల మిల్లులో పుచ్చులు ఏరడం ఆమె పని. తొమ్మిదేళ్ళ రెండు నెలలుగా కూలీలోంచి పీఎఫ్ కోస్తున్నారు. పదేళ్ళు నిండితే నెలనెలా పింఛను. కానీ కార్డు ప్రకారం యాభై ఎనిమిది వచ్చేశాయి కాబట్టి ఈ నెల నుంచి పింఛను ఖాతాలో ఏమీ పడదని మిల్లు గుమస్తా చెప్పేశాడు. పదేళ్ళకు పది నెలలు తక్కువైనా అంతే, ఉన్నది ఒకేసారి చేతిలో పెట్టి పంపించేస్తారు.

ఇదంతా ఆమె గోపాల్‌పేటలో మా ఆధార్ సెంటర్‌కు వచ్చి కుర్చీ అంచున కూర్చుని చెప్పింది. నేను బీటెక్ చదివి ఇక్కడ జనాల వేలిముద్రలు తీస్తుంటాను. ఏసీ ఉంది. పనిచేయదు.

"జర ఆ నాలుగేండ్లు దించు బిడ్డా. పది నెల్లు ఆగితే నా పింఛను నాకొస్తది," అంది.

ఎవరు ఎక్కించారని అడిగాను. లీడర్ నాగన్నట. నిరుడు, యాభై ఏడు నిండితే సర్కారు పింఛను ఇస్తుందని ఊళ్ళో ముప్పై మంది ఆడవాళ్ళను ఆటోల్లో తోలుకొచ్చి, తలా ఇంత తీసుకుని అందరికీ వయసు పెంచించాడు. ఆ పింఛను దరఖాస్తు నేటికీ 'పరిశీలనలో' ఉంది. అంటే అదీ లేదు, ఇదీ పోతోంది.

నాగన్నకు ఫోన్ చేశాను. గుట్కా నములుతున్న చప్పుడు వినిపించింది.

"అప్పుడు పెంచుమన్నరు, పెంచిపిచ్చిన. ఇప్పుడు దించాల్నంటే పైన మనిషున్నడు. జర ఖర్చైతది," అన్నాడు.

ఎక్కించడానికీ తీసుకుని, దించడానికీ అడుగుతున్నాడు. ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను.

సిస్టమ్‌లో చూస్తే, పుట్టిన తేదీని ఒక్కసారే మార్చుకోవచ్చని ఉంది. ఆ ఒక్కసారి అయిపోయింది. జోగులమ్మ కొంగుముడి విప్పి, నిరుడు ఇచ్చిన రసీదు బల్ల మీద పెట్టింది. కింద ఆపరేటర్ పేరు: మానస.

నేనే. నిరుడు స్టాంపు ముందే కొట్టి ఉన్న వయసు సర్టిఫికెట్ల కట్ట నాగన్న తెచ్చాడు, నేను తలెత్తకుండా ముప్పై మందికీ కొత్త తేదీలు కొట్టేశాను. మధ్యలో ఒక్కసారి లేచాను, అదీ చాయ్‌కి. ఇప్పటిదాకా నాగన్న మీద ఉన్న మంట దారి మార్చుకుంది.

"పెద్దమ్మా, ఇది నేనే చేసిన," అన్నాను.

"నాకెర్కే. ఎక్కిచ్చినోళ్ళకు దించుడు తెల్వదా అని నీ తానకే వచ్చిన."

ఆన్‌లైన్ ఫిర్యాదు ఫారం తెరిచాను. 'తప్పుకు కారణం' అన్న చోట ఒకటే మాట ఎంచుకోనిచ్చింది: దరఖాస్తుదారు పొరపాటు. ఆ ఫారాన్ని ఎంత శుభ్రంగా తయారుచేశారో. తప్పు చేసినవాడికి అందులో గడే లేదు.

ఫారం మూసేసి, తెల్ల కాగితం తీసి చేత్తో రాశాను. తప్పుడు సర్టిఫికెట్లతో వయసు పెంచింది నేను, నా ఆపరేటర్ ఐడీ ఇది, సర్టిఫికెట్లు తెచ్చింది నాగన్న, మిగతా ఇరవై తొమ్మిది మంది పేర్లు ఇవి. ఇది హైదరాబాద్‌లోని ఆధార్ ఆఫీసుకు చేరితే ముందు పోయేది నా ఐడీయే, దాంతోపాటు ఈ ఉద్యోగం. జోగులమ్మకు పింఛను వస్తుందో లేదో ఆ తర్వాత తేలుతుంది.

చదివి వినిపించాను. ఆమె సిరా డబ్బా దగ్గరికి లాక్కుంది.

"నిరుడు గూడ గీ వేలే అడిగినవు," అని, కాగితం కింద గట్టిగా ఒత్తింది.