కొక్కెం పరీక్ష

గాజు బిందువులు తుడుస్తూ తుడుస్తూ నిచ్చెనమ్మ కదులుతున్న పన్నును నాలుకతో తోసి చూసుకుంది. ఇంకా ఊడలేదు. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి, షాండ్లియర్లకు వేలాడే గాజును వేళ్ళ మధ్య తిప్పుతూ తుడవడం దీపాల షాపులో ఆమె పొద్దుటి పని. కొన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, మొగుడు వాటిని బిగించేటప్పుడు నిచ్చెన పట్టుకోవడం రెండో పని. ఆ పేరు దానివల్లే వచ్చింది. అసలు పేరు షాపులో మొగుడికి తప్ప ఎవరికీ తెలియదు. నోట్లో నాలుక లేని మనిషి అని మాత్రం అందరూ మెచ్చుకునేవారు. మెచ్చుకోక ఏం చేస్తారు, తన్నులు తినేది వాళ్ళు కాదు కదా.

ఆ పూట కొత్తిల్లు కట్టుకున్న ఒకావిడ షాండ్లియర్ కోసం వచ్చింది. ఉన్నవన్నీ వెలిగించి చూపించమంది. “గుమ్మంలో అడుగుపెట్టినవాళ్ళు ముందు దాన్ని చూడాలి. తర్వాతే నన్ను చూడాలి,” అంది. చివరికి రెండింటి దగ్గర ఆగింది. ఒకటి బంగారు రంగు కొమ్మలతో ఏనుగంత ఉంది. రెండోది సన్నగా, వానచినుకులు జారుతున్నట్టు ఉంది. ఎటూ తేల్చుకోలేక, పక్కన గుడ్డ పట్టుకుని నిలబడ్డ నిచ్చెనమ్మను, “నువ్వు చెప్పు, ఏది బాగుంటుంది?” అని అడిగింది.

ఏది బాగుంటుందని ఆమెను అడిగి ఎన్నేళ్ళయిందో. ఆ సంబరంలో ఒళ్ళు మరిచింది. “ఈ చిన్నదమ్మా. దీని కిందైతే మనుషుల మొహాలు బాగా కనబడతాయి. ఆ పెద్దదాని కింద అందరూ పోలీసులకు దొరికిన దొంగల్లా ఉంటారు,” అంది. ఆవిడ పకపకా నవ్వింది. నవ్వి, పెద్దదే కొంది.

కొన్నా సరే, మేస్త్రీ విన్నాడు. మేస్త్రీ అంటే ఆమె మొగుడే. గోడౌన్‌లోకి పిలిచి, జుట్టు పట్టుకుని, తలను చెక్కపెట్టెకేసి కొట్టాడు.

“నీ సలహా ఎవరడిగారే?”

“ఆవిడే అడిగిందండీ.”

జవాబు చెప్పినందుకు మళ్ళీ కొట్టాడు. పన్ను ఊడి వచ్చింది. ఆమె దాన్ని ఉమ్మి, పెట్టెకు అంటిన రక్తం తుడిచింది. అది షాండ్లియర్ వెళ్ళే పెట్టె, మరకుంటే ఓనరు ఊరుకోడు. ఓనరు ఆ పక్కనే ఉన్నాడు. మొగుడూ పెళ్ళాల గొడవలో వేలు పెట్టకూడదన్న మర్యాద తెలిసినవాడు కనుక గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఇవేవీ ఆమెకు కొత్త కాదు. కొత్తది ముందురోజు రాత్రి ఇంట్లో జరిగింది. తల్లిని కొడుతుంటే కూతురు అడ్డం వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. వైరు మడిచి పిల్లను కొట్టడం మొదలుపెట్టాడు. “చాలు నాన్నా, చాలు,” అని అది మూలకు ఒదిగింది. ఆయన ఆపలేదు. దాని మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. పొద్దున షాపుకు వచ్చే ముందు పిల్లను గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని చొక్కా జేబులో వేసుకున్నాడు.

పెట్టెతో వ్యానులో వెళ్తున్నప్పుడు ఆమె ధైర్యం కూడదీసుకుంది. “పిల్ల చెయ్యి బాగా వాచిందండీ. తాళంచెవి ఇస్తే ఆసుపత్రికి తీసుకెళ్తాను.”

“సాయంత్రం ఆ రెండోది కూడా విరిచేస్తాను. రెండూ కలిపి ఒకేసారి చూపిద్దువుగాని, ఖర్చు కలిసొస్తుంది.”

డ్రైవరు నవ్వాడు. మేస్త్రీ జోకులకు అందరూ నవ్వేవారు. ఆమెకు మాత్రం అది జోకు కాదు. ఆయన మాటంటే మాటే. విరుస్తానన్నది విరవకుండా వదిలిన రోజు లేదు.

కొత్తింటి హాలు రెండంతస్తుల ఎత్తు. కింద పాలరాయి. డ్రైవరు పెట్టె దింపి వ్యాను తీసుకెళ్ళిపోయాడు. ఇంటావిడ సోఫా ఎక్కడ వేయాలో చెప్పి, ఫోను మాట్లాడుకుంటూ పైకి వెళ్ళింది. మేస్త్రీ చక్రాల నిచ్చెన ఎక్కి, కప్పుకు రంధ్రం చేసి, వేలెడు లావు కొక్కెం బిగించాడు.

ఇక్కడ మేస్త్రీకి ఒక పద్ధతి ఉంది. దీపం వేలాడదీసే ముందు తానే కొక్కేనికి వేలాడేవాడు. “నన్ను మోసిందే దీపాన్ని మోస్తుంది,” అనేవాడు. కొక్కేనికి గుడ్డ చుట్టి రెండు చేతులా పట్టుకుంటే, ఆమె నిచ్చెనను పక్కకు లాగాలి. ఆయన గాల్లో అటూ ఇటూ ఊగి, “చాలు” అనగానే తిరిగి కాళ్ళ కిందికి తోయాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె ఆలస్యం చేయలేదు. తన ప్రాణం ఎవరి చేతిలో పెడుతున్నాడో ఆయనకెప్పుడూ తట్టనే లేదు, ఆ మాటకొస్తే ఆమెకూ తట్టలేదు.

“లాగు,” అన్నాడు. లాగింది. ఆయన ఊగాడు. కొక్కెం గట్టిగా ఉంది.

“చాలు.”

అలవాటుకొద్దీ చేతులు నిచ్చెనను ముందుకు తోశాయి. అప్పుడు తలెత్తి చూసింది. చొక్కా జేబులోంచి తాళంచెవి తాడు బయటికి వేలాడుతోంది. ఆమె పాదం చక్రం బ్రేకు మీద పడింది.

“చాలన్నానా. చెవుడా నీకు?”

“వినబడిందండీ.”

“నిచ్చెన పెట్టవే. దిగానంటే చంపి పాతరేస్తా.”

ఆమె నమ్మింది. ఇన్నేళ్ళూ ఆయన మాటలన్నీ నమ్మింది, ఇదీ నమ్మింది. పై నుంచి బూతులు వచ్చాయి. తర్వాత అవి తగ్గాయి. ఆయన చేతులు వణుకుతున్నాయి, కాళ్ళు గాల్లో నిచ్చెనను వెతుక్కుంటున్నాయి. పెళ్ళైన కొత్తలో తప్ప మళ్ళీ ఎన్నడూ పిలవని ఆమె అసలు పేరు పెట్టి పిలిచాడు. ఆ పిలుపుకు ఆమె గుండె ఒక్క క్షణం కరిగింది, అబద్ధం ఎందుకు. బ్రేకు లేపడానికి పాదం కదిలింది కూడా.

“చాలు, చాలు, నీకు దణ్ణం పెడతాను, చాలు.”

కదిలిన పాదం అక్కడే ఆగిపోయింది.

“రాత్రి పిల్ల కూడా ఇదే మాట అందండీ,” అంది ఆమె.

ఆయన పడ్డాడు. ముందు తల తగిలింది. పాలరాతి మీద రక్తం పలకల సందుల వెంట సోఫా వేయాల్సిన చోటు దాకా పాకింది. కాలు ఒకసారి ఈడ్చుకుని ఆగింది. ఫోను పట్టుకునే మెట్ల మీదికి పరిగెత్తుకొచ్చింది ఇంటావిడ.

“అయ్యయ్యో, ఏమైంది?”

“చేతులు జారాయమ్మా.”

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఆయన జేబులోంచి తాళంచెవి తీసుకుంది. నడుముకు దోపుకున్న, గాజు తుడిచే గుడ్డతో దాన్ని తుడిచింది, తడివైపు ఒకసారి, పొడివైపు ఒకసారి. “మా పిల్ల ఇంట్లో ఒక్కతే ఉందమ్మా,” అని చెప్పి, ఇంటావిడ ఇంకేదో అడుగుతుండగానే గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళిపోయింది.

హాలు మధ్యలో షాండ్లియర్ పెట్టె మూత తీయకుండానే ఉంది. పైన, గుడ్డ చుట్టిన కొక్కెం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.