వేకువ ప్రార్థన

"ప్రార్థనకెళ్ళొచ్చిన మనిషికి తలెందుకు తడిసిందీ?" అంది జ్ఞానమ్మ, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే.

సింకులో మొగుడి పరుగు బట్టలు జాడిస్తున్న కరుణ చేతులు ఒక్క క్షణం ఆగాయి. "దారిలో జల్లు పడిందత్తయ్యా," అంది. హోనలూలూలో ఎండ కాస్తూ ఉండగానే జల్లు పడడం మామూలే కాబట్టి ఆ పూటకి ఆ అబద్ధం నిలబడింది. అత్తగారు కోడలి మెడ వెనక అంటుకుపోయిన జుట్టు వైపు మాత్రం కాసేపు చూసింది. చెమట పట్టిన ఆ నిక్కర్లనీ బనియన్లనీ రోజూ చేత్తో ఉతికి బాల్కనీలో ఆరేయడం కరుణ పని. మెషిన్‌లో వేస్తే ఎలాస్టిక్ పాడవుతుందని సుందర్ రాజ్ కనిపెట్టాడు. ఉతికే మనిషి నడుం ఏమవుతుందో కనిపెట్టే తీరిక ఆయనకి లేకపోయింది.

సుందర్ రాజ్ యూనివర్సిటీలో మట్టి పరీక్షలు చేసే సైంటిస్టు. అమెరికా అంతటికీ పరుగు పిచ్చి పట్టుకున్న రోజుల్లో ఆయనకీ పట్టుకుంది. డిసెంబర్ మారథాన్‌లో పరుగెత్తుతానని ఒక రోజు భోజనాల దగ్గర అన్నాడు, అంతే. ఎవరినీ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. మర్నాటి నుంచీ ఇంట్లో గడియారాలన్నీ ఆయన పరుగు చుట్టూనే తిరిగాయి. తెల్లారకముందే లేచి నిమ్మరసం కలపాలి, వచ్చేసరికి వేడినీళ్ళు, ఉడకబెట్టిన గుడ్లు, ఉప్మా. పొట్టి నిక్కరుతో, ఒంటి మీద చొక్కా అయినా లేకుండా కపియొలాని పార్కు చుట్టూ పరుగెడుతున్న కొడుకుని చూసి జ్ఞానమ్మ మురిసిపోయి, దిష్టి తగులుతుందేమోనని కూడా బెంగపడేది. క్రైస్తవులకి దిష్టేమిటమ్మా అని ఆయనే నవ్వేవాడు.

కరుణ ముసలివాళ్ళ వార్డులో నర్సు. అసలు ఈ కుటుంబం ఈ దీవికి వచ్చిందే ఆమె నర్సు వీసా మీద. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఆమె కూడా ఎత్తదు. ఏళ్ళ తరబడి లేవలేని మనుషుల్ని లేపి, కదల్లేని మనుషుల్ని పక్కకి తిప్పి, ఆమె నడుం కాస్తా పట్టేసింది. చివరికి మంచం మీంచి లేవాలంటే ముందు ఒక పక్కకి ఒత్తిగిల్లి, చేత్తో పరుపుని నొక్కిపట్టి, పళ్ళ బిగువున లేచేది. డాక్టరమ్మ చూసి, మాత్రలతో ఇది పోదు, రోజూ ఈదాలి, లేకపోతే ఇంకొన్నాళ్ళకి వార్డులో నువ్వే పేషెంటువి అవుతావు అంది.

ఆ మాట మొగుడికి చెబితే ఆయన నవ్వాడు. "ఈతా? నీకా? వార్డులో రోజంతా నడుస్తూనే ఉంటావుగా, అంతకన్నా ఎక్సర్‌సైజేముంది? పైగా ఆ స్విమ్‌సూట్ వేసుకుని, అందరి ముందూ. అవతల అమెరికా మెయిన్‌లాండ్‌లో కాలేజీ చదువుతున్న కూతురుంది నీకు. ఈ ఊళ్ళో ఉన్న నలుగురు తెలుగువాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?" జ్ఞానమ్మ కొడుకు కంచంలో మజ్జిగ పోస్తూ, "మా కాలంలో రోలు ముందు కూర్చుంటే నడుం నొప్పులన్నీ అవే పోయేవి," అంది. మరి మీ నిక్కరు సంగతేమిటండీ అన్న మాట కరుణకి అప్పుడు తట్టలేదు. మర్నాడు బస్సులో తట్టింది. తట్టాక కడుపు మండిపోయింది.

కొన్ని వారాలు ఊరుకుంది. తరవాత ఒక రోజు, తను అనబోతున్నదేమిటో తనకే తెలియకుండా, "వార్డులో ఫిలిపినో నర్సులు వేకువ ప్రార్థన కూడిక మొదలుపెట్టారండీ, నన్నూ రమ్మంటున్నారు," అంది. ఆమె మాట పూర్తవకముందే సుందర్ రాజ్ తలూపాడు. "తప్పకుండా వెళ్ళు. అదే కదా మనకి కావలసింది." జ్ఞానమ్మ కళ్ళు మూసుకుని స్తోత్రం అంది. నడుం పేరు చెబితే దొరకని గంట దేవుడి పేరు చెప్పగానే దొరికింది. సంతోషించాలో ఏడవాలో కరుణకి తెలీలేదు. మొదటిరోజు ఆలా మొఆనా బీచ్‌లో నీళ్ళ ముందు నిలబడి, అబద్ధం మొత్తం అబద్ధం కాకుండా ఉండడానికి, ఒక చిన్న ప్రార్థన నిజంగానే చేసుకుంది.

ఈత నేర్పింది మిసెస్ నకమురా. మనవలున్న జపనీస్ ఆవిడ, రోజూ స్నేహితురాళ్ళతో వచ్చేది. వెల్లకిలా పడుకో, నేను పట్టుకున్నాను అని అరచెయ్యి నడుం కింద ఆనించేది. అందరి నడుముల కిందా చేతులు పెట్టి లేపడమే తెలిసిన కరుణకి, తన నడుం కింద ఇంకొకరి చెయ్యి ఉండడం కొత్త. ఆ రోజు నీళ్ళలోనే ఏడ్చింది. ఉప్పునీళ్ళలో ఎవరికి తెలుస్తుంది. కొన్ని నెలలకి మంచం మీంచి మామూలుగా లేవగలిగింది. అంతకంటే ముఖ్యం, చెవులు నీళ్ళలో మునిగిన ఆ కాసేపూ ఎవరి పిలుపూ వినపడేది కాదు.

నవంబర్‌లో నరసాపురం నుంచి పాస్టర్ ఆమోసు గారు కాలిఫోర్నియా వెళ్తూ వీళ్ళింట్లో దిగారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, కరుణ చేపల పులుసు వడ్డిస్తుంటే, సుందర్ రాజ్ గర్వంగా అన్నాడు. "అయ్యగారూ, మా కరుణ రోజూ వేకువ ప్రార్థనకెళ్తుంది. నేను పరుగుకెళ్తాను, తను దేవుడి సన్నిధికెళ్తుంది."

ఆమోసు గారి ముఖం వెలిగిపోయింది. "ఎంత ధన్యత సిస్టర్. రేపు నేనూ వస్తాను. వాక్యం చెబుతాను."

"నేనూ పరుగు మానేసి వస్తాను," అన్నాడు సుందర్ రాజ్. "అమ్మా, నువ్వూ రా."

గరిటె పులుసు గిన్నెలోకి జారిపోయింది. ఆ సాయంత్రం కరుణ ఫోన్ దగ్గరికి వెళ్ళింది. ఫిలిపినో నర్సులకి ఫోన్ చేసి, రేపొక్కరోజు వచ్చి కళ్ళు మూసుకు నిలబడండి అని అడుగుదామనుకుంది. నంబరు తిప్పబోయి ఫోన్ పెట్టేసింది. కూడిక లేదని చెబితే ఎల్లుండి ఉందా అంటారు. నడుం నొప్పని పడుకుంటే, చూశావా, ఆ చలిగాలికి వెళ్ళబట్టే అంటారు, ఉన్నది కూడా పోతుంది. పెద్దవాళ్ళ ముందు దొరికిపోతానన్న భయం ఒక పక్క, ఆ నీళ్ళు పోతాయన్న భయం ఒక పక్క. రెండో భయమే పెద్దదని తెలిసి ఆమెకే ఆశ్చర్యం వేసింది.

తెల్లారకుండా లేచి, అలవాటుగా స్విమ్‌సూట్ వేసుకుంది. దాని మీద చీర కట్టుకుంది. ఎందుకలా చేస్తోందో ఆమెకే తెలీదు. కారులో సుందర్ రాజ్, "ఏ చర్చి?" అని అడిగితే, "బీచ్ దగ్గర," అంది.

వాళ్ళు కారు దిగేసరికి తూరుపు తెల్లబడుతోంది. ఇసకలో మిసెస్ నకమురా, ఆమె స్నేహితురాళ్ళు నీళ్ళలోకి దిగే ముందు ఒళ్ళు సాగదీసుకుంటున్నారు. పొడుగాటి తువాళ్ళు కప్పుకుని, అర్ధచంద్రాకారంగా నిలబడి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ఆకాశం వైపు ఎత్తి ఉన్నారు. ఆమోసు గారు ఆగిపోయారు. "హల్లెలూయా," అన్నారు నెమ్మదిగా. ఆయన దగ్గరికి వెళ్ళగానే మిసెస్ నకమురా మర్యాదగా నడుం వంచి నమస్కరించింది. మిగతావాళ్ళూ తలలు వంచారు. ఆయన ఇంక ఆలస్యం చేయకుండా బైబిల్ తెరిచారు.

కరుణ గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఏ పాపం ఎరగని ఆ ఆడవాళ్ళు ఆమెని రక్షించేశారు. నోరు మూసుకుని నిలబడితే చాలు, గండం గడిచిపోతుంది. సుందర్ రాజ్ ఆమె పక్కకి వచ్చి, ఎన్నాళ్ళకో ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంత బాగుంటుందని నాకు చెప్పనే లేదే. రేపట్నించి నా పరుగు ఇక్కడితో ముగిస్తాను. అయ్యగారు వెళ్ళాక ఈ కూడిక నేనే నడిపిస్తాను. నువ్వు పాట ఎత్తుకుందువుగాని."

ఆ చెయ్యి బరువు ఆమెకి నడుం దాకా తెలిసింది. రేపట్నించి ప్రతి ఉదయం చీర కట్టుకుని, తడవని తలతో, ఈ ఒడ్డున నిలబడి పాట ఎత్తుకుంటుంది. వెనక ఆ నీళ్ళు అలాగే ఉంటాయి. అబద్ధం పట్టుబడి ఉంటేనే నయమనిపించింది.

"అయ్యగారూ, ఆగండి," అంది. "ఇక్కడ ప్రార్థన లేదు. వీళ్ళు ఈతకొచ్చారు. నేనూ ఈతకే వస్తున్నాను, ఇన్నాళ్ళూ."

ఆమోసు గారు వేలు పేజీల మధ్య పెట్టి బైబిల్ మూశారు. "దేవుడి పేరు మీద అబద్ధమా, సిస్టర్?"

"అవునయ్యగారూ. ఆ తప్పు నాదే. ఈయన్ని ముందు నిజం చెప్పే అడిగాను, కుదరదన్నారు. దేవుడి పేరు చెబితే మాట పూర్తవకుండానే సరేనన్నారు. ఈయనకి పరుగెత్తడానికి దేవుడి చాటు అక్కర్లేకపోయింది, నాకు కావలసొచ్చింది."

"కారెక్కు," అన్నాడు సుందర్ రాజ్, పళ్ళు బిగించి. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. అందరూ చూస్తున్నారు."

కరుణ భుజం దగ్గర పిన్ను తీసింది. కుచ్చిళ్ళు లాగింది. భయం పోలేదు. భయంతోనే చీర మడతపెట్టింది. ఎక్కడ పెట్టాలో తెలీక అటూ ఇటూ చూస్తే, జ్ఞానమ్మ చెయ్యి చాపింది. ఆవిడ ముఖం గంటుపెట్టుకునే ఉంది. ఇసక అంటకుండా చీరని మాత్రం చంకలో పెట్టుకుంది.

"రేపట్నించి ఎలా వస్తావో నేనూ చూస్తాను," అన్నాడు సుందర్ రాజ్.

మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి కరుణ వెనక్కి తిరిగింది.

"రేపట్నించి అడగనండీ. చెప్పి వస్తాను."