నాలుగో గడిలో గింజ

అందరూ సెన్యో అని పిలిచే ఒతీలియా టీచరమ్మకు ఓపిక ఎక్కువని తొతోనికపాన్ కొండ ఊళ్ళలో పేరు. ఆ పూట మాత్రం అది అడుగంటింది. నేల మీద సుద్దతో నాలుగు గడులు గీసి, కుడి నుంచి నాలుగో గడిలో ఒక్క నల్ల చిక్కుడు గింజ పెట్టింది. మిగతా గడులు ఖాళీ.

"ఎంత, మికాయెలా?"

"ఎనిమిది వేలు, సెన్యో."

వెయ్యి అని చెప్పీ చెప్పీ ఒతీలియాకు నోరు నొప్పి పుట్టింది. పిల్ల ఆ తరగతిలో మళ్ళీ తప్పేలా ఉంది. తండ్రి గాస్పర్ గుమ్మంలోనే నిలబడ్డాడు, కూతుర్ని బడి మాన్పించి మగ్గం మీద కూర్చోబెడదామని వచ్చాడు.

"దీనికి బుర్రకెక్కదు సెన్యో, వదిలెయ్యండి," అంటూ అతను గడుల వైపు చూశాడు. "అయినా, ఎనిమిది వేలేగా అది?"

ఒతీలియా తలెత్తింది. "ఎలాగ, దోన్ గాస్పర్?"

"ఎలాగేంటి? మా అమ్మ వాకిట్లో మొక్కజొన్న కండెలు ఇట్టాగే లెక్కేస్తది. మొదటి గడిలో ఇరవై నిండితే పక్కదాంట్లో ఒక గింజ. అక్కడా ఇరవై అయితే మూడోదాంట్లో ఒకటి, అంటే నాలుగు వందలు. అవి ఇరవై అయితే నాలుగోదాంట్లో ఒకటి, ఎనిమిది వేలు."

ఒతీలియా మనసులో లెక్క వేసుకుంది. సరిగ్గా సరిపోయింది. ఇన్నాళ్ళూ పిల్ల ఒక్కసారీ తప్పు చెప్పలేదు. పట్నం నుంచి వచ్చిన ఆమెకు చాలా సిగ్గేసింది.

"మీ వాకిట్లో గడి ఇరవైకి నిండుతుందమ్మా. బడిలో పదికే నిండిపోతుంది. ఆ ముక్క నేను చెప్పనే లేదు."

"మరి నానమ్మది తప్పా?"

"కాదు. అది ఆ వాకిటి లెక్క, ఇది ఈ గది లెక్క."

పాత గింజ తీసేసి, ఎడమ పక్కన ఐదో గడి గీసి, ఆ ఎడమ చివరి గడిలో మూడు గింజలు, మధ్య గడిలో నాలుగు పెట్టింది. మికాయెలా పెదాలు కదిలాయి. ఖాళీ గడులను కూడా వేలితో తాకుతూ వెళ్ళింది.

"ముప్పై వేల నాలుగు వందలు."

ఒతీలియాకు కళ్ళు చెమర్చాయి. గాస్పర్ మాత్రం కూతుర్ని చూడడం లేదు, గడుల్నే చూస్తున్నాడు.

"నన్నూ ఈ గదిలోనే, ఈ లెక్క దగ్గరే మాన్పించారు," అన్నాడు మెల్లగా. "నా మొద్దుతనమే దానికొచ్చిందనుకున్నా."

టోపీ తీసి, కూతురి పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"ఇంకోటి పెట్టండి సెన్యో. ఈసారి నాకు."