నిజంగా విన్నవాళ్ళు

తాడేపల్లిగూడెం నుంచి పొద్దున్నే ఏలూరు వైపు వెళ్ళే ప్యాసింజరు బండిలో సీజన్ టికెట్ల వాళ్ళకి ఎవరి చోటు వాళ్ళకుంటుంది. ఒకరి చోట్లో ఇంకొకరు కూర్చోరు. వెనకవైపు పెట్టెలో, తలుపు పక్క బల్లల మీద కూర్చునే జట్టులో సలోమి ఒకతె. ఏలూరు టెలిఫోన్ ఆఫీసులో గుమాస్తా. ఎదుటి బల్ల మీద ట్రెజరీ ఆఫీసు హనుమంతరావుగారు, ఆయన పక్కన తివాచీల కంపెనీలో ప్యాకింగు చూసే అబ్దుల్ జబ్బార్, సలోమి పక్కన దెందులూరు హైస్కూల్లో లెక్కల టీచరు చంద్రకళ. ఈ నలుగురినీ ఒక జట్టుగా కట్టి పడేసింది పాటల పిచ్చి.

ఏటా డిసెంబరు ఆఖరి రోజున ఆ బల్లల మీద పాటల పంపకం జరిగేది. ఆ ఏడాది బయటికొచ్చిన క్యాసెట్లలో మనసుకి నచ్చింది ఒకటి, బాగుండి కూడా ఎవరూ పట్టించుకోనిది ఒకటి, ఒక్కొక్కరూ రెండేసి తేవాలి. హనుమంతరావుగారు బ్యాటరీలు వేసిన టేప్ రికార్డరు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. మొదటి రకానికి పేచీ లేదు. గోలంతా రెండో దాని దగ్గరే.

"అందరూ విన్నదాన్ని మెచ్చుకోడానికి మనమెందుకండీ?" అనేవారాయన. "సినిమా వారం తిరక్కుండా పోయుంటుంది. దాంతోపాటు పాటలూ పోయుంటాయి. అలాంటివి వెతికి పట్టుకురండి, వింటాను."

ఆయన మాట మెత్తనే గానీ, నచ్చనిదాన్ని నచ్చిందని చెప్పడం మాత్రం ఆయనకి చేతకాదు. ఒకసారి జబ్బార్ ఎంతో ముచ్చటపడి తెచ్చిన సన్నాయి క్యాసెట్‌ని ఒక పక్క పూర్తిగా విని, "డోలు బావుందండీ" అని ఊరుకున్నారు. జబ్బార్ ఆ మాటకి పగలబడి నవ్వాడు. సలోమికి మాత్రం నవ్వు రాలేదు. అదే మాట తన క్యాసెట్‌కి అంటే?

సలోమి దగ్గర అలాంటి క్యాసెట్ ఒకటి ఉంది మరి.

ఆమె తండ్రి సత్యవేదం మాస్టారు కొల్లేటి లంక ఊళ్ళో మిషన్ బడి పంతులుగా పనిచేసి రిటైరయ్యారు. వానాకాలం పిల్లలు తాటిదోనెల్లో బడికొచ్చే ఊరది. ఆయనా దోనెలో వస్తూ పోతూ పాటలు కట్టుకునేవారు. ఆదివారం గుళ్ళో పాడించేవారు, తక్కిన రోజుల్లో చేపలకెళ్ళేవాళ్ళు వాటినే వలలు లాగుతూ పాడుకునేవాళ్ళు. భార్య పోయాక ఆయన తాడేపల్లిగూడెం వచ్చి కూతురి దగ్గర ఉంటున్నారు. అల్లుడు ఇమ్మానుయేలుది ఉల్లిపాయల మార్కెట్లో పని. మామగారంటే ప్రాణం. ఆ పాటలు పుస్తకంలో ఎక్కినవి కావు, పాడేవాళ్ళా ముసలివాళ్ళయిపోతున్నారు. అందుకని రెండువేల మూడులో, ఈస్టరు సెలవుల్లో, సలోమి తండ్రినీ చర్చి గాయకుల్నీ వెంటబెట్టుకుని విజయవాడ వెళ్ళి క్యాసెట్ చేయించింది. ముఖ్యమైన గొంతు తనదే.

స్టూడియోలో కీబోర్డు వాయించే కుర్రాడు మంచివాడే. "ఈ రోజుల్లో మ్యూజిక్ లేకపోతే ఎవరు వింటారు మేడమ్?" అని పాటకి ముందొక గంటల మోత, మధ్యలో పిల్లనగ్రోవి, వెనకాల డ్రమ్ములు, అన్నీ ఆ ఒక్క పెట్టెలోంచే పలికించాడు. సలోమికి అది నిజంగా సినిమా పాటలాగే వినిపించింది. సంబరపడిపోయింది. మాస్టారు మూలన కుర్చీలో కూర్చుని ఏమీ అనలేదు.

క్యాసెట్లు వచ్చాయి. చర్చిలో కొందరు తీసుకున్నారు. ఏలూరులో ఒక కొట్టువాడు అద్దాల బీరువాలో పెట్టి, ఆషాఢం వెళ్ళాక వెనక్కిచ్చేశాడు. మిగిలినవి అట్టపెట్టెల్లో మాస్టారి మంచం కిందికి చేరాయి.

సాయంత్రం సలోమి ఇల్లు చేరేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉండేవారు. "ఎవరైనా విన్నారా అమ్మాయ్?" అని అడిగేవారు. ఒకరోజు అలిసిపోయి ఉంది. ఆ ముఖం చూసి లేదనలేక, "రైల్లో మావాళ్ళకిచ్చానండి నాన్నా. బావున్నాయన్నారు" అనేసింది.

ఇవ్వలేదు. క్యాసెట్ ఆమె సంచీలోనే, టిఫిన్ డబ్బా అడుగున ఉంది. ఇద్దామని తీసిన ప్రతిసారీ హనుమంతరావుగారు కళ్ళు మూసుకుని వినే తీరు కళ్ళముందు ఆడేది. చెయ్యి వెనక్కొచ్చేది. సాయంత్రం మళ్ళీ తండ్రి అడిగేవారు. ఒక అబద్ధానికి ఇంకోటి తోడు. జబ్బార్‌గారి భార్య బీబీ రెండో పాట పదేపదే వేయించుకుంటోందట. చంద్రకళగారి పిల్లలకి నోటికొచ్చేసిందట. మాస్టారు అన్నీ విని, "అలాగా" అని తలూపేవారు.

డిసెంబరులో మాస్టారికి ఏలూరు కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషనయింది. మళ్ళీ చూపించుకోడానికి డాక్టరు ఇచ్చిన తారీకు సరిగ్గా ముప్ఫై ఒకటి.

"నీ బండిలోనే వస్తాన్లే అమ్మాయ్," అన్నారాయన. "మీవాళ్ళని ఒకసారి చూసినట్టూ ఉంటుంది. ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను."

"బండి రద్దీగా ఉంటుంది నాన్నా. బస్సులో వెళ్దాం."

"బస్సు కుదుపులు పడవని డాక్టరుగారే చెప్పారు కదమ్మా."

ముప్ఫయ్యో తారీకు రాత్రి సలోమి ఆయన చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది.

మర్నాడు మంచు విడవకముందే స్టేషనుకి చేరారు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆసుపత్రివాళ్ళిచ్చిన నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నారు. ముందే వెళ్ళి ఒక్కమాట చెవిన వేద్దామని సలోమి ఆలోచన. కానీ తండ్రి చెయ్యి వదిలి ఎలా వెళ్తుంది? పెట్టె ఎక్కేసరికి అందరూ ఉన్నారు. జబ్బార్ లేచి కిటికీ పక్కన చోటిచ్చాడు.

"కూర్చోండి మాస్టారూ. సలోమిగారు మీ గురించి చెప్తూ ఉంటారండీ."

"మీ గురించీ చెప్తుందండీ," అన్నారు మాస్టారు నవ్వుతూ. "నా పాటలు మీరంతా విన్నారట కదా."

బండి కదిలింది. సలోమి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వరికోతలయిన చేలు తప్ప అక్కడేమీ లేదు. జబ్బార్ ఒకసారి ఆమె ముఖం చూసి, "ఆఁ... బావున్నాయండీ మాస్టారూ, చాలా బావున్నాయి" అన్నాడు. చంద్రకళ అర్థంకాక అవునన్నట్టు తలూపింది.

"నేను వినలేదండీ," అన్నారు హనుమంతరావుగారు. "నాకసలు ఇవ్వలేదు."

సలోమి ఒళ్ళోని సంచీని దగ్గరికి లాక్కుంది. తలెత్తలేకపోయింది. మాస్టారు మాత్రం తొణకలేదు.

"అయితే ఇప్పుడు వినండి. అమ్మాయ్, క్యాసెట్ ఉందా?"

సలోమి టిఫిన్ డబ్బా కిందనుంచి క్యాసెట్ తీసి హనుమంతరావుగారికి ఇచ్చింది. చంద్రకళ ఆమె చేతిని మెల్లిగా పట్టుకుని వదల్లేదు. ఉంగుటూరు దాటేవరకు మొదటి పాట నడిచింది. రెండో పాట మొదలయింది. హనుమంతరావుగారు కళ్ళు మూసుకుని, కనుబొమలు ముడేసి, చెవి టేప్ రికార్డరుకి ఆనించి వింటున్నారు. సగంలో బటన్ నొక్కి ఆపేశారు.

"ఏమనుకోకండి మాస్టారూ," అన్నారు. "లోపల మంచి పాట ఉందండీ. పాడినావిడ గొంతూ బావుంది, సలోమిగారే అనుకుంటాను. కానీ ఆ కీబోర్డుందే, అది మనిషి మాట వినబడనివ్వట్లేదండీ. పెళ్ళి బ్యాండు మధ్యలో నించుని కబుర్లు చెప్పుకున్నట్టుంది."

సలోమి కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇన్ని నెలలూ దేనికి భయపడిందో అది జరిగిపోయింది. ఆ మరుక్షణం తండ్రి నవ్వు వినిపించింది. చిన్న నవ్వు కాదు, భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నారు. చెయ్యి చాచి తడుముకుని హనుమంతరావుగారి చేతిని దొరకబుచ్చుకున్నారు.

"ఈ మాట కోసం ఈస్టరు నుంచీ చూస్తున్నానండీ!" అన్నారు. "మా అమ్మాయి రోజూ తీపికబుర్లే తెచ్చేది. జబ్బార్‌గారి బీబీకి నచ్చింది, చంద్రకళగారి పిల్లలకి నచ్చింది అని. చెవులున్నవాళ్ళు నిజంగా విని ఉంటే ముందా కీబోర్డుని తిట్టరా? ఒక్కరూ తిట్టలేదంటే ఒక్కరూ వినలేదన్నమాట. ఆ సంగతి నాకెప్పుడో తెలిసిపోయింది."

"నాన్నా!" అంది సలోమి.

జబ్బార్ నెత్తి గోక్కుంటూ, "నన్ను క్షమించాలండీ, ఇందాక ఏదో మర్యాదకి..." అన్నాడు.

"నా మీద గౌరవంతోనే కదండీ అన్నారు. పోనీండి."

భీమడోలులో బండి ఆగిపోయింది. వెనకనుంచి ఎక్స్‌ప్రెస్ వస్తోందిట, అది దాటేదాకా కదలదు. ఇంజను చప్పుడు లేక పెట్టె నిశ్శబ్దమయింది. హనుమంతరావుగారు ముందుకి వంగారు.

"ఆ రెండో పాట మీరొకసారి ఉత్తినే పాడండి మాస్టారూ."

"నా గొంతు పోయిందండీ. అమ్మాయి అందుకుంటే పాడతాను."

ఆయన మొదలెట్టారు. గొంతు బొంగురుగా, దిగువనే ఉంది. ఒక్క వరస గడిచేసరికి సలోమి కలిసింది.

*జమ్ము దారుల్లోన పొద్దుగూకిందయ్య
దోనె నాదేనయ్య, గెడ నీదేనయ్య*

స్టూడియోలో గంటల మోతతో పోటీపడి పాడిన పాట ఇదేనా అనిపించిందామెకి. తండ్రి తొందరపడటం లేదు. ఒక్కో మాట దగ్గర ఆగుతున్నారు, దోనె మీద మనిషి గెడ దించి, ఊతం దొరికాక తోసినట్టు. చిన్నప్పుడు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని లంక నుంచి వస్తున్నప్పుడు ఈ పాట ఇలాగే ఉండేది. ఎలా మర్చిపోయింది? అటుపక్క బల్ల మీద కబుర్లు చెప్పుకుంటున్న కాలేజీ పిల్లలు కూడా మాటలాపి ఇటు తిరిగారు.

పాట అయ్యాక జబ్బార్ అడిగాడు. "గెడ నీదయ్య అని ఎందుకన్నారండీ? పడవకి తెడ్డు కదండీ ఉండాలి?"

"కొల్లేట్లో తెడ్డు సాగదండీ, జమ్ముగడ్డికి చుట్టుకుంటుంది. గెడ వెయ్యాలి. దోనెలో కూర్చున్నవాడికి నీళ్ళే కనబడతాయి. అడుగున నేలెక్కడుందో గెడ పట్టినవాడికే తెలుస్తుంది."

జబ్బార్ ఆ మాటని లోపల పెట్టుకున్నట్టు తల పంకించాడు. "ఇది మా బీబీకి చెప్తానండీ. ఈసారి నిజంగానే చెప్తాను."

అందరూ నవ్వారు. సలోమి కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. మిగతా క్యాసెట్లు దెందులూరు వచ్చేదాకా హడావుడిగా చేతులు మారాయి. చంద్రకళ దిగిపోతూ మాస్టారికి నమస్కారం పెట్టి, "నాకు మొదటి పాట నచ్చలేదండీ, బళ్ళో పాఠంలా ఉంది. రెండోది మాత్రం ఇంటికెళ్ళినా వదలదు" అంది. మాస్టారు ఆ మాటకి మరీ సంతోషించారు.

ఏలూరులో దిగి రిక్షా ఎక్కాక సలోమి నోరు విప్పింది.

"తప్పయిపోయింది నాన్నా. ఎవరైనా బాలేదంటే తట్టుకోలేరేమోనని..."

"ఎవరు, నేనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "నేను," అంది.

ఆయన ఆమె చేతి మీద చెయ్యి వేశారు.

"మరి మీకా కీబోర్డు నచ్చలేదని స్టూడియోలోనే చెప్పొచ్చు కదా నాన్నా? అప్పుడే తీయించేసేదాన్ని."

"నువ్వంత సంబరపడుతుంటే ఎలా చెప్పనమ్మా?" అన్నారు మాస్టారు. "నువ్వు నాకు చెప్పలేకపోయావు, నేను నీకు చెప్పలేకపోయాను. ఇద్దరం ఇద్దరమే."

డాక్టరు కన్ను బాగా కుదురుకుందన్నాడు. సాయంత్రం బండిలో హనుమంతరావుగారు తన క్యాసెట్లు రెండూ మాస్టారి చేతిలో పెట్టారు, విని అభిప్రాయం చెప్పాలని. మాస్టారు సంక్రాంతి లోపు వాటిని అరిగేలా విన్నారు. ఎవరూ పట్టించుకోని సినిమా పాటలు బ్రహ్మాండంగా ఉన్నాయనీ, హనుమంతరావుగారు మనసుపడ్డ క్యాసెట్‌లో మాత్రం సరుకు లేదనీ సలోమితో కబురు పంపారు. హనుమంతరావుగారు ఆ పొద్దున తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా సలోమితోనే వాదం వేసుకున్నారు. అదేదో ఆమె చెప్పిన తీర్పయినట్టు.

వాదం తేలలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన టేప్ రికార్డరు, ఖాళీ క్యాసెట్ పట్టుకుని, జబ్బార్‌ని వెంటేసుకుని సరాసరి ఇంటికే వచ్చేశారు. మాస్టారితో తన క్యాసెట్ గురించి గట్టిగా పోట్లాడి, ఓడిపోయి, టీ తాగి, "సరేగానీ, ఆ రెండో పాట ఇప్పుడు పాడండి, రికార్డు చేసుకుంటాను" అన్నారు. ఇమ్మానుయేలు లేచి ఫ్యాను ఆపాడు, వీధి తలుపు వేశాడు. తండ్రీకూతుళ్ళు చాప మీద కూర్చుని పాడారు.

క్యాసెట్ వెనక్కి తిప్పి వేసినప్పుడు మాస్టారు చెవికి చెయ్యి ఆనించి విన్నారు. అయిపోయాక కనుబొమలు ముడేసుకున్నారు. సలోమికి మళ్ళీ పాత భయం వేసింది.

"ఎలా ఉంది నాన్నా?"

"ఇప్పుడు వినబడుతోందమ్మాయ్," అన్నారాయన. "వినబడేసరికి తెలుస్తోంది. మూడో చరణం కుదర్లేదు. నలభయ్యేళ్ళుగా తప్పు పాడుతున్నాను."

వచ్చినవాళ్ళు చెప్పులేసుకుంటున్నా ఆయన చాప మీదనుంచి లేవలేదు. వేళ్ళతో మోకాలి మీద తాళం వేసుకుంటూ, పెదవులు కదుపుతూ, ఆ చరణానికి కొత్త మాటలు వెతుక్కుంటూనే ఉన్నారు.