పెట్టెలో దాచిన మీట

పెట్టె చేసి అమ్మినవాళ్ళూ, లినక్స్‌లో దాన్ని నడిపించే డ్రైవరు ప్రోగ్రాము రాసి చేతులు దులుపుకున్నవాళ్ళూ, మిమ్మల్నే. ఒక మనిషి గొంతుని వీధి చివరికి తరిమింది మీరే.

ఆవిడ రేవులో పడవల వేళలు చెప్పేది. మర్నాడు గొంతుకి ఆపరేషన్. ఆ తర్వాత మాట రాదని డాక్టరు తేల్చేశాడు. దర్జీ పని చేసే చెల్లెలికి ఒక్కటే కోరిక, చిన్నప్పటిలా అక్క తనని పిలిచే పిలుపు దాచుకోవాలని. కుట్టుమిషను పక్కకి జరిపి లినక్స్ మీద నడిచే తన కంప్యూటరు, మైకు, గొంతుని అంకెలుగా మార్చే ఆ పెట్టె సర్దింది. పరదాలోంచి ఎండ వడకట్టినట్టు దిగుతోంది. గుడ్డల నూగు గాలిలో ఈదుతోంది.

అక్క నోరు తెరిచింది. అవతలి ఒడ్డుకి వినబడే గొంతు అది. రికార్డయింది తిరిగి వింటే రేకు చించినట్టుంది. చెల్లెలు తెర మీద శబ్దం తగ్గించే మీట కిందికి లాగి మళ్ళీ పిలిపించింది. ఈసారి రేకు మెల్లగా చిరిగింది, అంతే తేడా. అప్పుడు తెలిసింది, ఆ మీట పనిచేసేది గొంతు ఆ పెట్టెని దాటి వచ్చాకే. చిరగడం పెట్టెలోనే జరిగిపోతోంది. చిరిగిన గుడ్డని మడతపెడితే అతుక్కుంటుందా? గొంతు లోపలికి రాగానే తగ్గించే అసలు మీట పెట్టె లోపల ఉంది. డ్రైవరు దాన్ని చూపించదు. పెట్టె పైన చేత్తో తిప్పడానికి మరైనా లేదు.

"పెళ్ళయినప్పట్నుంచీ ఆ మీట కోసమే వెతుకుతున్నా మరదలా, దొరికితే నాకూ చెప్పు" అన్నాడు బావ.

"దొరికితే ముందు మీ గురకకి పెట్టిస్తా" అంది అక్క.

మెల్లగా పిలవమంటే దగ్గు ముంచుకొచ్చింది. గట్టిగా అంటేనే పలికే గొంతాయె. ఇక గత్యంతరం లేక చెల్లెలు అక్కని పక్కగదిలోకి పంపింది, అక్కణ్ణుంచి వరండాలోకి, వరండాలోంచి వీధిలోకి. ప్రతి అడుక్కీ గొంతు అతుక్కుంటూ వచ్చింది. వీధి చివరికి చేరేసరికి మైకులోకి పావురాల రెక్కలు, ఎవరిదో సైకిలు గంట, వాటి మీదుగా తేలుతూ అక్క.

"పిచ్చుకా, తలుపేసుకో. గాలొస్తోంది."

చిరుగు లేదు. కానీ ఎంత దూరం!

ఆపరేషన్ అయింది. ఇప్పుడు అక్క చెల్లెలి పక్కనే కూర్చుని సూదుల్లో దారం ఎక్కిస్తుంటుంది. చెల్లెలు ఆ పిలుపు పెట్టుకుంటే గది గది కాకుండా పోతుంది, గోడలు పల్చబడి వీధంతా లోపలికి నడిచొస్తుంది. ఎన్నిసార్లు విన్నా లేచి గుమ్మంలోకి వెళ్ళి చూస్తుంది. వెనకనుంచి అక్క కొంగు పట్టి లాగుతుంది, ఇక్కడే ఉన్నానే అన్నట్టు.

చెవిలో పడాల్సిన పిలుపది. వీధి చివరే ఉండిపోయింది.

ఆ మీట బయటపెట్టండి. పెట్టె చేసినవాళ్ళూ, దాని గుట్టు మీరు విప్పండి; డ్రైవరు రాసినవాళ్ళూ, అందులో ఆ మీటకి చోటు మీరివ్వండి. వచ్చే ఏడు కాదు, ఇవాళ. రేపు పొద్దున ఇంకెవరి గొంతుకో కత్తి పడుతుంది.