అండమాను వెళ్లొచ్చిన ఇస్త్రీపెట్టె

నేను ఒక ఇస్త్రీపెట్టెను. లోకంలో అన్నిటికంటే నాకు భయం పసివాడి అరచెయ్యి. పిడుగు కాదు, షాకు కొట్టే వైరు కాదు. ఇంకా గట్టిపడని ఆ చిన్న అరచెయ్యి, కాలుతున్న నా అడుగు మీదికి రావడం. నాకు కాళ్లు లేవు, పక్కకి జరగలేను. నోరు లేదు, "ఒద్దురా నాన్నా" అనలేను. ఎవరు ప్లగ్గు పెడితే వాళ్ల కోసం కాలడం ఒక్కటే నాకు తెలిసిన పని. నా కథ కోపంగానే చెబుతాను. మెత్తగా చెప్పమని అడక్కండి.

ఏదో ఊరి ఫ్యాక్టరీలో పుట్టాను. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెల్లా తేలికదాన్ని కాదు, ఎత్తితే మణికట్టు లాగేస్తుంది. పాలకొల్లు దర్జీ వెంకటరత్నం గారు నన్ను కొని, తన చూపు మందగించేదాకా ప్యాంట్లూ కోట్లూ రుద్దారు. కొట్టు మూసేసిన రోజున, తన దగ్గర జాకెట్లకి హుక్కులు కుట్టే సత్యవేణి చేతిలో పెట్టారు.

"మొండిదమ్మాయ్ ఇది. కానీ మాట వింటుంది" అన్నారు. నా గురించి అన్నారో, ఆ పిల్ల గురించి నాకు చెప్పారో ఇప్పటికీ తెలీదు.

సత్యవేణి తండ్రి మంచాన పడితే తొమ్మిదిలో బడి మానేసింది. హుక్కుల నుంచి చీరల కుచ్చిళ్లకి వచ్చింది. ఈ కాలం ఆడవాళ్లకి చీర కట్టుకునే తీరిక లేదు కదా. ముందురోజే చీర తెచ్చి ఇస్తారు. ఈమె కుచ్చిళ్లు, పవిట మడతలు వేళ్లతో తీర్చి, నాతో అణిచి, పిన్నులు పెట్టి అట్టపెట్టెలో సర్ది ఇస్తుంది. వాళ్లు లంగా మీద దోపుకుంటే చాలు, అయిపోయింది. "ఎంత చక్కగా కట్టుకున్నావే!" అని పెళ్లిలో పొగడ్తలు కూడా వాళ్లకే.

ఒకే గది ఇల్లు. బల్ల పట్టదు. నేల మీద దుప్పటి నాలుగు మడతలు వేసి, దానిమీదే ఇస్త్రీ. బాబు పుట్టాక ఆమె ఒక కట్టుబాటు పెట్టుకుంది. వాడు మెలకువగా ఉంటే ప్లగ్గు పెట్టదు. ఉయ్యాల్లో నిద్రపోతేనే నన్ను దించుతుంది. వాడికి వేదాంశ్ అని ముచ్చటపడి పేరు పెట్టుకుంది. పక్కింటి మంగతాయారు పిన్నికి నోరు తిరక్క "వేదాసు" అంటుంది. రోజులో ఎన్నిసార్లు వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేదో! "అంత భయమైతే ఎలాగే?" అని పిన్ని వేళాకోళం చేసేది. నేను మాత్రం నవ్వలేదు. ఆ ఇంట్లో నా భయం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

ఇంతలో భీమవరంలో రొయ్యల చెరువులున్న సుభాషిణి గారింట్లో పెళ్లి వచ్చింది. పెళ్లి అండమానులోనట. కుచ్చిళ్లు తీర్చడానికి సత్యవేణినీ రమ్మన్నారు.

"మా తాతల కాలంలో అక్కడికి ఖైదీల్ని పంపేవారు. ఇప్పుడు పెళ్లికూతుళ్లని పంపుతున్నారు" అంది మంగతాయారు పిన్ని. "ఎల్లవే పిల్లా, ఇమానం ఎక్కొచ్చు. చంటోణ్ణి మేం చూసుకోమేంటి?"

వాడింకా పాలు తాగే బిడ్డ. పాకుతాడు, గోడ పట్టుకుని లేస్తాడు, కూలబడతాడు. సత్యవేణి వెళ్లనంది. భర్త గంగరాజు ఆటో తోలుతాడు. మంచివాడే, కాకపోతే మంచితనం అంతా వీధిలో ఖర్చయిపోయాక ఇంటికొస్తాడు. "సముద్రం, కొబ్బరిచెట్లు, ఊరికే తిప్పుతామంటే ఏడుపేంటే?" అన్నాడు.

చివరికి నాలుగు రోజులని ఆమెనూ నన్నూ తీసుకెళ్లారు. కొబ్బరిచెట్లున్న మాట నిజం. వంటగది వెనక ఒక గిడ్డంగి ఇచ్చారు, దాని కిటికీలోంచి రెండు చెట్ల మొదళ్లు కనిపించేవి. సముద్రం వాసన వచ్చేది. అంతే మా షికారు. ఆ దీవి గాలి గాలి కాదు, తడిగుడ్డ. నేనెంత కాలినా పట్టు నిలబడేది కాదు. అణిచిన కుచ్చిళ్లు బయటికెళ్లేసరికి వాలిపోయేవి. "ఏంటమ్మాయ్, ఇలాగేనా చేసేది?" అని చీరలు తిరిగొచ్చేవి. మెహందీకో చీర, హల్దీకో చీర, పెళ్లికి రెండు. అన్నీ రెండువైపుల ఆడవాళ్లందరికీ. పెళ్లయ్యాక ఫొటోలకని ఇంకొన్ని రోజులు ఉంచేశారు. ఇసకలో ఒక చీర, పడవలో ఒక చీర.

ఆమె జాకెట్టు పాలతో తడిసిపోయేది. బాత్రూంలోకి వెళ్లి పిండి పారబోసుకుని, కళ్లు తుడుచుకుని వచ్చేది. ఫోన్‌లో "బాబు ఎలా ఉన్నాడండీ?" అంటే, గంగరాజుది ఎప్పుడూ ఒకటే జవాబు: "బానే ఉన్నాడే. నువ్వు సముద్రం చూసేవా లేదా?"

తిరుగుప్రయాణంలో చెన్నై దాకా విమానం. అక్కణ్ణించి పెళ్లివారు ఇంకో విమానం ఎక్కారు. ఈమెను రైల్లో జనరల్ పెట్టె ఎక్కించారు. దారి పొడుగునా నన్ను ఒళ్లో పెట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది. కునుకు పడితే తల నా పిడికి తగిలేది. చెమటకి మెడంతా పేలి ఎర్రటి చెమటకాయలు. కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం. గుమ్మంలోనే సంచి పడేసి బాబుకి చేతులు చాపింది. వాడు తేరిపార చూసి, నాన్న మెడలో మొహం దాచుకున్నాడు.

"మర్చిపోయేడే నిన్ను!" అని పిన్ని పకపకా నవ్వింది. "నల్లబడిపోయేవు కదే, అందుకే. ఏదీ, మాకేం తెచ్చేవు? గవ్వలా? ముత్యాలా?"

"చెమటకాయలు తెచ్చేను పిన్నీ. పంచమంటావా?" అంది సత్యవేణి.

ఇంకా మొహం కడుక్కోలేదు, గుమ్మంలో కారు ఆగింది. సుభాషిణి గారి డ్రైవరు చీరల మూట దించాడు. ఆ సాయంత్రం భీమవరంలో రిసెప్షనట. వెనకే ఫోను. "నువ్వు మా ఇంటి పిల్లలాంటిదానివి కదమ్మా, కాస్త చేసి పెట్టు."

ఇంటి పిల్లని జనరల్ పెట్టెలో ఎవరు ఎక్కిస్తారు? అడగడానికి నాకు నోరు లేదు. ఆమెకుంది గాని, ఒంట్లో ఓపిక లేదు.

"కాసేపు వాణ్ణి తీసుకెళ్లండి. ఒళ్లు తూలిపోతోంది" అంది భర్తతో.

"ఇన్నాళ్లూ నేనే కదా చూసేను! నువ్వు దీవులు తిరిగొచ్చేవు, నాకూ ఓ పూట సెలవియ్యి. నిద్రోయాడులే." ఉయ్యాల్లో వేసి, ఆటో తీసుకుని పోయాడు.

వాడు నిద్రపోయాడు కాబట్టి కట్టుబాటు ప్రకారమే ప్లగ్గు పెట్టింది. ఎరుపు పట్టుచీర పరిచి మడత తీర్చింది. నన్ను మడమ మీద నిలబెట్టి, ఇంకో మడత కోసం చెయ్యి చాపి, చాపిన చెయ్యి చాపినట్టే ఉండగా కళ్లు మూసింది.

ఉయ్యాల కదిలింది. వాడు దిగాడు. పాకలేదు. లేచి నిలబడి, నడిచాడు. తడబడుతూ, చేతులు ముందుకి చాపి, తప్పటడుగులు వేసుకుంటూ అమ్మ దగ్గరికి. ఆమె లేని రోజుల్లోనే నడక వచ్చేసింది వాడికి. ఆ మాట ఒక్కరూ చెప్పలేదు. అన్నిసార్లు ఫోన్ చేస్తే, సముద్రం గురించి అడిగిన మనిషికి బిడ్డ అడుగులేశాడని చెప్పాలని తోచలేదు! తెలిసుంటే ఉయ్యాల పక్కన నన్ను పెట్టేదా ఆమె? ఉయ్యాలకి అడ్డం ఏదైనా కట్టేదా కాదా?

వాడు నాకోసం రాలేదు. ఇంటికొచ్చినప్పటి నుంచీ ఒకసారి కూడా దగ్గరికి రాని బిడ్డ, అప్పుడు అమ్మ కోసం వచ్చాడు. మధ్యలో నేనున్నాను, నిప్పుకణికలా. పట్టుకోవడానికి వాడికి అందేది నేనే.

ఆమె కళ్లు తెరిచింది. వాణ్ణి లాగే వ్యవధి లేదు. తన కుడి అరచేతిని వాడి చేతికీ నాకూ మధ్య పెట్టేసింది. వెడల్పుగా, నా అడుగు మీద ఆనించి.

ఆ చప్పుడు నేను విన్నాను. ఆ వాసన నాదే. ఆమె అరవలేదు. అరిస్తే వాడు జడుసుకుంటాడని ఎడంచేత్తో వాణ్ణి గుండెకి అదుముకుని, "నడిచేవా నాన్నా! నడిచొచ్చేవా!" అంది. వాడు నవ్వాడు.

పిన్ని పరిగెత్తుకొచ్చి పళ్లపేస్టు రాసింది, ఏడ్చింది. ఫోను మోగింది. పిన్నే ఎత్తి చెప్పింది. అవతల సుభాషిణి గారు "అయ్యయ్యో!" అన్నారు. "చీరకేం కాలేదు కదా?"

గంగరాజు వచ్చాడు. "పిల్లోడికేం కాలేదుగా, పోన్లే" అన్నాడు. పెళ్లాం చేతికేసి చూసి, ఆ మీదట నాకేసి చూసి, "పసోడి మీదికొచ్చిన ఇనుము ఇంట్లో ఉండకూడదు" అన్నాడు. ఉల్లిపాయలకి పాత సామాన్లు తీసుకునే బండి వెళ్తుంటే నన్ను అందులో పడేశాడు. తప్పు చేసినవాళ్లెవరూ ఆ బండి ఎక్కలేదు. నేనొక్కదాన్నే ఎక్కాను.

ఇప్పుడు తుక్కుకొట్లో, విరిగిన ఫ్యాన్ల కింద ఉన్నాను. నన్ను కరిగిస్తారట. కరిగించనీ. ప్లగ్గు పీకేసి ఇన్నాళ్లయినా నా కోపం మాత్రం చల్లారలేదు. వచ్చిపోయే జనం మాటలు వింటూంటాను. ఆ సంగతి ఎక్కడైనా వస్తే అందరూ బాబుని చక్కగా చూశారు, దిష్టి తీశారు, మొక్కు చెల్లించారు అంటారు. ఆమె చెయ్యి ఏమైందో ఒక్కరూ చెప్పరు. పళ్లపేస్టుతోనే ఉంచేశారో, ఆసుపత్రికి తీసుకెళ్లారో. వేళ్లు ముడుచుకుపోయాయో, చాపగలుగుతోందో. ఎడంచేత్తో అన్నం తింటోందో. కుచ్చిళ్లు తీర్చే చెయ్యి అది. బిడ్డని ఎత్తుకునే చెయ్యి.

మీరు పాలకొల్లు వెళ్తే, పాత రైసుమిల్లు వెనక సందులో ఆఖరి ఇల్లు. తలుపు తట్టండి. "బానే ఉన్నానండీ" అంటుంది, అది నమ్మకండి. సత్యవేణి కుడి అరచెయ్యి తెరిపించి ఒకసారి చూసి రండి.