కదలని అంకె

పెబ్బేరు దాటాక ఉన్న పల్లినూనె మిల్లులో ఇస్రాయేలు పని కుర్చీలో కూర్చోవడమే. ఇరవై ఏళ్లు వలసపోయి మట్టి మోసిన మనిషికి అదొక వింత. బాయిలర్ చుట్టూ ఉన్న మీటర్లన్నిటినీ ఒకే తీగ కలిపేది. గదిలోని కంప్యూటర్, బడిలో పంతులు హాజరు పిలిచినట్టు, ఒక్కో మీటరును దాని నంబరుతో పిలిచేది. అది తన అంకె చెప్పేది. అరగంటకోసారి ఇస్రాయేలు వాటిని పుస్తకంలో ఎక్కించాలి.

ఆ మధ్యాహ్నం మూడున్నరకు నీటిమట్టం రాయబోతూ ఆగాడు. యాభై ఎనిమిది. మూడింటికీ అంతే. రెండున్నరకూ అంతే.

ఆవిరి అంకె వణుకుతోంది. వేడి అంకె వణుకుతోంది. నీళ్ల అంకె మాత్రం రాయిలా కూర్చుంది. మసిలే నీళ్లు ఎక్కడన్నా నిలకడగా ఉంటాయా? చెవులు రిక్కించాడు. మట్టం తగ్గగానే దానంతటదే తిరగాల్సిన నీళ్ల పంపు, గంట నుంచి సడి చేయలేదు.

పిలిస్తే పలకని పిల్లవాడికి పంతులు నిన్నటి హాజరే వేస్తున్నాడు!

బాయిలర్ గోడకు ఆవల అతని భార్య రాధమ్మ, మరో ఐదుగురు ఆడవాళ్లు సంచులు కుడుతున్నారు.

పడుతూ లేస్తూ ఉరికాడు. నీటిమట్టం మీటరు మీద మినుకుమనాల్సిన దీపం ఆరిపోయి ఉంది. దాని కింద, ఎలుక కొరికిన చోట, దానికి కరెంటిచ్చే తీగలో రాగి మెరుస్తోంది. లోపలి నీళ్లు కంటికి కనపడాల్సిన పక్కనున్న మట్టం గాజు బోరునీళ్ల ఉప్పు పట్టి ఎప్పుడో గుడ్డిదైపోయింది. రాధమ్మ తమ్ముడు జయపాల్ పొయ్యిలోకి పల్లిపొట్టు ఎగదోస్తున్నాడు.

"ఏంది బావా, కుర్చీ గిట్ల అంటుకున్నదా? గట్ల ఉరుకుతున్నవ్!"

"పొట్టు ఆపు జయపాలూ. లోపట నీళ్లు లెవ్వు."

"కంప్యూటర్ల ఉన్నయంటివి గద?"

"అది పాత మాటే చెప్తున్నది."

జయపాల్ చేయి పంపు స్విచ్చు మీదికి పోయింది. "ఆగు, ఇప్పుడే నీళ్లు కొడ్త!"

ఆ మణికట్టు ఎట్లా దొరకబుచ్చుకున్నాడో ఇస్రాయేలుకే తెలియదు. "వద్దురా! కాలిన పెనం మీద నీళ్లు పోస్తే ఏమైతది? గిది పేలితే మనం గాదు, గోడ గూడ మిగలదు. నిప్పు బయటికి గుంజు!"

గోడ అవతలికి పోయి, "లేవుండ్రి, రోడ్డు దాటుండ్రి!" అన్నాడు.

"కుర్చీల నిద్ర పడ్తలేదా, మా మీద పడ్డవ్?" అంది రాధమ్మ. ఆడవాళ్లు ఘొల్లుమన్నారు.

అతను ఆమె రెక్క పట్టి లేపబోయాడు. మొగుడి మొహం అట్లా ఆమె ఎన్నడూ చూడలేదు. దబ్బనం సంచికే వదిలేసి లేచింది. నవ్వులు ఆపి మిగతావాళ్లూ ఆమె వెంట రోడ్డు దాటారు.

బావా బావమరుదులు నిప్పులు గుంజుతుంటే లోపల ఇనుము టిక్కు టిక్కుమంది. ప్రతి చప్పుడుకూ ఇద్దరూ మెడ కుదించుకున్నారు. ఆఖరి పార నిప్పు బయట పడేసి, వాళ్లూ రోడ్డు దాటారు.

సాయంత్రం మిల్లు షావుకారు కంప్యూటర్ తెర చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "యాభై ఎనిమిది ఉంటే మిల్లు బందు వెడ్తవా? నీకు తెల్సా, మిషన్‌కు తెల్సా?"

ఇస్రాయేలు ఎలుక కొరికిన తీగ చూపించినా వినలేదు. తనదే తప్పేమోనన్న కొత్త భయం ఇస్రాయేలును రాత్రంతా కొరికింది.

పొద్దున బాయిలర్ చల్లారాక మూత విప్పి టార్చి వేశారు. నీళ్లలో మునిగి ఉండాల్సిన పైవరుస గొట్టాలు కమిలి నీలంగా ఉన్నాయి. వాటి మీద చుక్క నీరు లేదు. షావుకారు టార్చి ఆర్పి వెళ్లిపోయాడు.

గదిలో అంకె ఇంకా యాభై ఎనిమిదే.

రాధమ్మ సంచుల మూట రోడ్డవతలికి ఈడ్చుకుపోతోంది.

"ఆడ ఎండ గద అక్కా," అన్నాడు జయపాల్.

"ఉండనీ," అంది ఆమె వెనక్కి చూడకుండా.